పదకొండో ప్రాణిగా ఇంకో గెక్కో కొనాలా వద్దా? శనివారంలోపు ఎవరైనా ఆపండి, లేదా తోసేయండి

ప్లేనో_బల్లిశాస్త్రం | ప్లేనో, టెక్సస్ | సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. వచ్చే శనివారం ఆర్లింగ్టన్‌లో సరీసృపాల ఎక్స్‌పో ఉంది. తెలిసిన బ్రీడరు ఒకాయన బ్లాక్ నైట్ అనే రంగు రకం లెపర్డ్ గెక్కో బల్లి, ఆడపిల్ల, ఫొటో పంపాడు. నలుపంటే మామూలు నలుపు కాదు, బొగ్గుపొడిలో పొర్లి లేచినట్టుంది. మీటింగుల్లో కూడా అదే కళ్ళ ముందు ఆడుతోంది. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

ప్రస్తుతం నా దగ్గరున్నవి లెపర్డ్ గెక్కోలు 5, క్రెస్టెడ్ గెక్కోలు 2, బాల్ పైథాన్ పాములు 2, బియర్డెడ్ డ్రాగన్ బల్లి (బియర్డీ) ఒకటి. వెరసి 10. 2021 ఎండాకాలంలో "ఒక్కటే, ఒట్టు" అని ఇంట్లో చెప్పి మొదలుపెట్టా. పోయినేడు మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి, "గోడ మీద ఊరికే తిరిగే బల్లిని చీపురు పెట్టి తోలతాం, నువ్వు డాలర్లు పోసి కొన్నావట్రా" అని రెండ్రోజులు ముభావంగా ఉంది. పంచాంగం తెరిచి ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో పదింటికీ కలిపి చదివి వినిపించింది కూడా.

మా ఆవిడ అడ్డు చెప్పే మనిషి కాదు. నిన్న మాత్రం ఒక ప్రశ్న వేసింది. "సరే కొను. ముందు ఉన్న పదింట్లో ఏది ఆఖరిసారి ఎప్పుడు తిందో ఫోన్ చూడకుండా చెప్పు." నాలుగు చెప్పి ఆగిపోయా.

ఇంట్లో చోటుంది, చేతిలో డబ్బూ ఉంది. అయినా ఏదో గుచ్చుతోంది. మీరెలా తేల్చుకుంటారు?

ర్యాక్_రాజా | ఫ్రిస్కో, టెక్సస్ | సోమవారం రాత్రి 11:05

కొనేయ్ బ్రో, ఇందులో ఆలోచించడానికేముంది! నా దగ్గర 14 ఉన్నాయి. ట్యాంకులు మానేసి ర్యాకు తీసుకో. ఒక హీట్ టేపు, ఒక థర్మోస్టాట్, పది సొరుగులు, అంతే. లెపర్డ్ గెక్కో అడిగేదేంటి, రెండు మూడు రోజులకోసారి పురుగులు, గిన్నెలో నీళ్ళు. ఎలాగూ ఆడదే కాబట్టి ఉన్న ఆడదానితో కలిపి పెట్టేయ్, ఒక డబ్బా కలిసొస్తుంది.

కుబుసం_అక్క | హ్యూస్టన్, టెక్సస్ | మంగళవారం ఉదయం 6:50

రాజా తమ్ముడూ, ర్యాకు సంగతి తర్వాత. ముందు ఆ ఆఖరి మాట వెనక్కి తీసుకో. రెండు లెపర్డ్ గెక్కోలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే మనం ముద్దొచ్చి ఫొటో తీస్తాం. వెచ్చటి చోటు ఒకటే ఉంటే దానికోసం జరిగే పోటీ అది. బలమున్నది తింటుంది, లేనిది చిక్కిపోతుంది. తోకలు కొరుక్కుంటాయి. ఆడవైనా సరే, దేని గూడు దానికే.

ప్లేనో తమ్ముడూ, కొనాలా వద్దా అన్నది నేను చెప్పను. మూడే అడుగుతా. లెపర్డ్ గెక్కోలు ఐదున్నాయి కదా, థర్మోస్టాట్‌లు ఎన్ని? బియర్డీ యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబు ఎప్పుడు మార్చావు? తేమ హైడుల్లో (అవి దాక్కునే తడి గూళ్ళలో) నాచు ఆఖరిసారి ఎప్పుడు తడిపావు?

ఇవాళ రాత్రి ఒక పని చెయ్యి. ఐదింటినీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, టార్చి వేసి, కాలి వేళ్ళు లెక్కపెట్టు. కాలికి ఐదు చొప్పున మొత్తం ఇరవై ఉండాలి.

కడప_టు_మెల్‌బోర్న్ | మెల్‌బోర్న్ | మంగళవారం

అన్నా, మా విక్టోరియాలో ఈ తలనొప్పి సగం ప్రభుత్వమే తీసేసింది. బల్లి పెంచాలంటే చాలా జాతులకు లైసెన్సు ఉండాలి. బయటి దేశాల జాతులను ఇళ్ళలో అసలు పెంచనివ్వరు. మీ లెపర్డ్ గెక్కో ఆస్ట్రేలియాలో ఎవరి దగ్గరన్నా ఉందంటే అది దొంగసరుకే. నాకున్నది ఒకే ఒక్క బియర్డీ, ఇక్కడి మట్టిలో పుట్టిన జాతి. చేతిలో డబ్బు లేని చదువుకునేవాడిని కాబట్టి ఆశ కూడా పొదుపుగానే ఉంది, అది వేరే సంగతి.

ప్లేనో_బల్లిశాస్త్రం | మంగళవారం రాత్రి 11:58

అక్కా, లెక్కపెట్టా.

నాలుగింటికి ఇరవై చొప్పున ఉన్నాయి. మూడో ట్యాంకులో జిలేబికి పద్దెనిమిది.

ఎడమ ముందుకాలికి రెండు వేళ్ళ కొసలు లేవు. మూడో వేలికి తెల్లదారం బిగించి కట్టినట్టు ఎండిన కుబుసం ఉంగరంలా పట్టుకుని ఉంది, కొస అప్పుడే నల్లబడుతోంది. చిన్న డబ్బాలో తడి పేపర్ టవల్ పరిచి, గోరువెచ్చగా ఉండేలా చూసి, పావుగంట అందులో ఉంచా. తర్వాత తడిపిన ఇయర్ బడ్‌తో వెనక నుంచి ముందుకు మెల్లగా తోస్తూ పోతే ఊడొచ్చింది. ఎంతుందనుకున్నారు, ఆవగింజంత పొర. ఆ పొరే రెండు వేళ్ళు తినేసింది.

తేమ హైడులో చెయ్యి పెడితే నాచు అప్పడంలా నలిగింది. ఎప్పుడు తడిపానో గుర్తు లేదు. రోజూ పొద్దున కాఫీ కప్పు పట్టుకుని ఆ ట్యాంకు ముందు నుంచే నడుస్తా. నిన్న కూడా "హాయ్ జిలేబి" అన్నా.

మిగతా రెంటికీ జవాబు. థర్మోస్టాట్‌లు మూడే. రెండు హీట్ మ్యాట్‌లు డిమ్మర్ మీద నా అంచనాతో నడుస్తున్నాయి. యూవీబీ ట్యూబు రసీదు వెతికితే రెండేళ్ళ కిందటిది దొరికింది. వెలుగుతోంది కదా అని ఊరుకున్నా.

కడప_టు_మెల్‌బోర్న్ | బుధవారం

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మా అవ్వ అనేది. తప్పుగా అనుకోవద్దన్నా. రెండు థర్మోస్టాట్‌లకు లేని డబ్బు నల్లబల్లికి ఎట్లొచ్చింది?

వెలగడం వేరే, యూవీబీ ఇవ్వడం వేరే. మన కంటికి తెల్లగా వెలుగుతూనే ఉంటుంది గానీ లోపల సరుకు తగ్గిపోతుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారుకాదు, డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. అప్పుడు ఎముకల్లోంచే లాక్కుంటుంది. దవడ మెత్తబడిన బియర్డీని మా క్లబ్బులో ఒకసారి చూసినా, రొట్టె ముక్కలా వంగుతుండె. ఏడాదికోసారి మార్చాల. నేను ట్యూబు చివర మార్కరుతో తేదీ రాసి పెడతా.

కుబుసం_అక్క | బుధవారం రాత్రి 9:30

చెప్పుకున్నావు, మంచిది. ఆ వేలు రెండు వారాలు చూస్తూ ఉండు. వాస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇప్పుడు నా కథ చెప్తాను. నిన్ను తిట్టడానికి కాదు, నేను నీకంటే పెద్ద సన్నాసిని కనక.

2021 ఫిబ్రవరి నాటికి నా దగ్గర 23 ఉన్నాయి. ఒక గదంతా వాటిదే. ప్రతిదానికీ థర్మోస్టాటు, ప్రతిదానికీ కార్డు, ఎప్పుడు తిందో ఎంత తూగిందో కార్డు మీద ఉండేది. ఫేస్‌బుక్కులో ఫొటోలు పెడితే జనం "అక్కా మీరు ఆదర్శం" అనేవాళ్ళు. నాకూ అదే నిజమనిపించేది.

15వ తేదీ తెల్లవారుజామున కరెంటు పోయింది. మంచు తుఫాను సంగతి మీకందరికీ తెలుసు, టెక్సస్‌లో చాలాచోట్ల చీకటి. మర్నాడు హ్యూస్టన్‌లో బయట 13 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడింది. ఇంట్లో ఆ సాయంత్రానికి 46. 90 డిగ్రీల వెచ్చదనం కావాల్సిన ప్రాణులు 23, మనిషిని నేనొక్కదాన్ని. మావారు ఆ వారం ఊళ్ళో లేరు.

గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది, అదే అదృష్టం. నీళ్ళు కాచి సీసాల్లో పోసి, సీసాలకు తువ్వాళ్ళు చుట్టి, థర్మోకోల్ పెట్టెల్లో అడుగున పరిచా. గెక్కోలను గాలి కంతలున్న చిన్న కప్పుల్లో వేసి సీసాల మధ్య సర్దా. పాములను దిండు గలీబుల్లో మూటకట్టి దుప్పట్ల కింద పెట్టా. రెండు గంటలకోసారి సీసాలు చల్లబడేవి, మళ్ళీ కాచడం, మళ్ళీ సర్దడం. చలిలో వాటికి తిండి పెట్టకూడదు, అరగదు, కడుపులో కుళ్ళుతుంది. కాబట్టి ఆ ఒక్క పని తప్పింది. రెండు రాత్రులు నిద్ర లేదు. మంగళవారం రాత్రి రెండో మూడో, చేతికి వేడినీళ్ళు ఒలికి బొబ్బ లేస్తే సింకు దగ్గర కూచుని ఏడ్చా.

బుధవారం కరెంటొచ్చింది. అన్నిటినీ వాటి గూళ్ళలో పెడుతూ లెక్కపెడితే 22 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే.

ర్యాకులో అట్టడుగు వరసలో, కుడి చివర సొరుగు. ఆరు నెలల లెపర్డ్ గెక్కో పిల్ల. దాన్ని తీయడమే మర్చిపోయా. కార్డు మీద దాని బరువు నా చేతిరాతతోనే ఉంది, ఆదివారం రాసింది.

చలికి పోయిందని అందరికీ చెప్పా. లెక్క తప్పి పోయిందని ఇప్పుడు మీకు చెప్తున్నా. అంతకుముందు నేను అడిగే ప్రశ్న, అంతా సవ్యంగా ఉన్న ఆదివారంనాడు ఎన్నింటిని చూసుకోగలను అని. అప్పటినుంచి, కరెంటు లేని మంగళవారం రాత్రి ఎన్నింటిని మోయగలను అని అడుగుతున్నా. నాకు వచ్చిన జవాబు నాలుగు. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. నీ జవాబు పదకొండు అయితే నిరభ్యంతరంగా కొను.

ర్యాక్_రాజా | బుధవారం రాత్రి 10:15

అక్కా... ఏం చెప్పాలో తెలీట్లేదు. ఇప్పుడే వెళ్ళి మా ర్యాకులో అట్టడుగు వరస చూసొచ్చా. అందరూ ఉన్నారు.

మార్ఫ్_మేస్త్రి | షార్లెట్, నార్త్ కరొలినా | గురువారం ఉదయం 7:20

నేను చిన్న బ్రీడరుని, గెక్కోలు అమ్ముతా. కాబట్టి నా మాట కాస్త అనుమానంగానే వినండి.

మొదటిది, ర్యాకు మీద పాపం మోపకండి. అది పనిముట్టు. సొరుగు పెద్దదై, లోపల వెచ్చటి మూల, చల్లటి మూల, తేమ హైడు ఉంటే బల్లికి లోటుండదు. అసలు చిక్కు మన కంటికి. గాజు ట్యాంకు అయితే నడుస్తూ పోతున్నా కంట పడుతుంది. సొరుగు లాగితేనే కనబడుతుంది, లాగకపోతే లేనట్టే. పదిహేను దాటాక ర్యాకు పెట్టినవాళ్ళలో చాలామంది తిండి రోజు తప్ప సొరుగు లాగరు. మొదటి రెండేళ్ళు నేనూ అంతే.

రెండోది, ఎవరూ ఎత్తలేదు గనక నేనే ఎత్తుతా. కొత్తది వస్తే దాన్నెక్కడ పెడతావు ప్లేనో బ్రో? అదే గదిలోనా? క్రిప్టో అని వినే ఉంటావు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. గెక్కో తిండి మానేస్తుంది, కొవ్వు దాచుకునే తోక కాస్తా పుల్లలా అయిపోతుంది. నమ్మకంగా కుదిర్చే మందు లేదు. మామూలు బ్లీచుకి చావదు. ఒక ట్యాంకులో వాడిన పట్టకారు ఇంకో ట్యాంకులో పెడితే చాలు. పైకి నిగనిగలాడే బల్లి కూడా మోసుకు రావచ్చు. అందుకే వేరే గది, వేరే పట్టకారు, వేరే నీళ్ళ గిన్నె, కింద ఉత్త పేపర్ టవల్, కనీసం 90 రోజులు. పాత వాటి పని ముగించాక ఆఖర్న కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి. మలం పరీక్ష ఒక్కసారి చేయించి వదిలేయకూడదు, క్రిప్టో ప్రతిసారీ మలంలో కనబడదు. పదకొండోది కొనడమంటే ఉన్న పదింటినీ పందెం కాయడమే. ఈ లెక్క ఎక్స్‌పో టేబుల్ దగ్గర ఎవరూ చెప్పరు. నేను చెప్తా, అందుకే నా సరుకు నిదానంగా అమ్ముడుపోతుంది.

మూడోది రంగుల పిచ్చి. ఈ వ్యాపారంలో ఉండి నేననకూడదు గానీ, లెపర్డ్ గెక్కోల్లో లెమన్ ఫ్రాస్ట్ అని ఒక మార్ఫ్ (రంగు రకం) వచ్చింది. పసుపు ఎంత బాగుండేదో! జనం ఎగబడ్డారు. తర్వాత చూస్తే ఆ జన్యువు ఉన్నవాటిలో 80 శాతానికి పైగా ఒంటి మీద తెల్ల కణితులు. 2021లో వచ్చిన పరిశోధన ఆ రంగూ ఆ కణితులూ ఒకే జన్యువు దగ్గర ముడిపడి ఉన్నాయని తేల్చింది. ఎనిగ్మా మార్ఫ్ అయితే గుండ్రంగా తిరుగుతుంది, పురుగు మీదికి దూకబోయి పక్కకు పడుతుంది. స్పైడర్ బాల్ పైథాన్ తల ఊపుడు సంగతి సరేసరి. బ్లాక్ నైట్‌కి అలాంటి పేరు లేదు. కానీ నలుపు కోసం దగ్గరి చుట్టాలనే జతకట్టించే వాళ్ళున్నారు. తల్లిదండ్రులెవరని అడుగు. గొణిగితే వదిలేయ్.

మలక్‌పేట_తాబేలు | హైదరాబాద్ | గురువారం

మీ ముచ్చట రోజూ చదువుతున్న, మస్తుగున్నది. నా దగ్గర ఒక్కటే ఉన్నది, రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు. 14 ఏండ్ల కింద పెంపుడు జంతువుల దుకాణంల రూపాయి బిళ్ళంత ఉండె, "ఇది ఇంతే ఉంటది సార్" అన్నడు. ఇప్పుడు అన్నం పళ్ళెమంత ఉన్నది. బాల్కనీల సగం దాని టబ్బే. వారానికి రెండుసార్లు నీళ్ళు మారుస్త, ఒక్క వారం తప్పితే కింది ఫ్లాటోళ్ళు వాసన అని ఫోన్ చేస్తరు. మా వాడకట్టుల నాతోపాటు కొన్నోళ్ళు అందరు చెరువుల వదిలేసిన్రు. అది మిసిసిపీ దిక్కు తాబేలు, మన చెరువుల పడితే మన తాబేళ్ళ తిండి గుంజుకుంటది. వదలొద్దని చెప్తే నన్నే పిచ్చోని లెక్క చూస్తరు.

ఇంకోటి. ఇండియా నుంచి చదివే పిల్లలు ఈ ఫొటోలు చూసి బాల్ పైథాన్ యాడ దొరుకుతదని నాకు మెసేజ్ పెడుతున్నరు. 2022ల వన్యప్రాణి చట్టం సవరించిన్రు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం) జాబితాల ఉన్న విదేశీ జీవి ఉంటే రిజిస్ట్రేషన్ కావాలె, పిల్లలు పుట్టినా, చేతులు మారినా చెప్పాలె. ఇగ మన నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ అయితే ఇంట్ల పెట్టుకునుడే నేరం. వాస్తుకు మంచిదని నక్షత్ర తాబేలు తెచ్చుకునేటోళ్ళు ఇంకా ఉన్నరు. వాస్తు ఏమో గానీ జైలు మాత్రం పక్కా.

జమ చేసుడు నాకూ పిచ్చే. కానీ నేను పుస్తకంల జమ చేస్త. అనంతగిరి దిక్కు వానాకాలం పోయి ఏం కనబడితే అది రాసుకుంట. జెర్రిపోతు, నీరుకట్టె, కట్లపాము, నలికిరి, ఉడుము... ఇప్పటికి 19 జాతులైనయ్. వాటికి నీళ్ళు మార్చే పని లేదు.

నిర్వాహకుడు | గురువారం

ఇండియాలో కొనుగోలు గురించి అడిగే పోస్టులు తీసేస్తాం, ముందే చెప్తున్నా. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. సాల్మొనెల్లా అనే బాక్టీరియా బెడద వల్లే అమెరికాలో 4 అంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. చేతులు కడుక్కోండి, వంటింటి సింకులో నీళ్ళ గిన్నెలు కడగకండి. ఇక కానివ్వండి.

ప్లేనో_బల్లిశాస్త్రం | గురువారం రాత్రి 11:10

మేస్త్రి గారూ, వేరే గది లేదు. బాత్రూమే దిక్కు. మా ఆవిడతో ఆ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు.

నిన్న రాత్రి కాగితం తీసుకుని రాశా. వయసుల లెక్క. లెపర్డ్ గెక్కో 15 నుంచి 20 ఏళ్ళు. బాల్ పైథాన్ తేలిగ్గా 30. సెయింట్ లూయిస్ జూలో ఒకటి 62 ఏళ్ళ వయసులో, 2020లో, గుడ్లు పెట్టిందట. ఇప్పుడు నాకు 34. మా పాములు నా రిటైర్మెంటు చూస్తాయి. ఒక్కోటీ కొన్నప్పుడు దాని ధర చూశా గానీ దాని ఆయుష్షు చూడలేదు.

ఇంకోటి కూడా గమనించా. నాకు బల్లి కన్నా కొత్త బల్లి మీద మోజు. ట్యాంకు అమర్చడం, పేరు పెట్టడం, మొదటిసారి చేతిలోంచి పురుగు తినడం, ఆ మూడు వారాలు పండగే. తర్వాత అది పనయిపోతుంది, కళ్ళు మళ్ళీ ఫోన్లో మార్ఫ్‌ల మీద పడతాయి. జిలేబిని 2022లో ఎంత ప్రాధేయపడి కొన్నానో! బేరం సగంలో పోతుందేమోనని ఆస్టిన్‌దాకా కారేసుకుని వెళ్ళా.

క్రెస్టెడ్ గెక్కోలు రెంటినీ ఎవరికైనా ఇద్దామనుకుంటున్నా. వాటికి పెద్దగా వేడి అక్కర్లేదు, పొడి తిండి నీళ్ళలో కలిపి పెడితే చాలు, కొత్తవాళ్ళకు బాగుంటాయి. కానీ ఇవ్వడానికి మనసు రావట్లేదు. ఇస్తే ఓడిపోయినట్టు.

కుబుసం_అక్క | శుక్రవారం ఉదయం 6:45

నేను పద్దెనిమిదింటిని పంపించా తమ్ముడూ, ఏడాదిన్నర పట్టింది. ఊరికే ఇస్తామనకు, ఊరికే వస్తుందంటే ఎవరైనా వస్తారు. ముందు గూడు అమర్చి ఫొటో పంపమను, థర్మామీటరు కనబడేలా. పంపినవాళ్ళకే ఇవ్వు. అడిగితే విసుక్కున్నవాళ్ళకు ఇవ్వకు. కూతుర్ని ఇచ్చేటప్పుడు అల్లుడిల్లు చూసొస్తామా లేదా?

ప్లేనో_బల్లిశాస్త్రం | ఆదివారం సాయంత్రం 5:20

ఎక్స్‌పోకి వెళ్ళా. వెళ్ళకుండా ఉండలేనని నాకూ తెలుసు, మీకూ తెలుసు.

ఆ గెక్కో ఫొటోలో కన్నా బాగుంది. మూత ఉన్న ప్లాస్టిక్ కప్పులో, నా బొటనవేలంత. మూత తీసి చూపించాడు, అది తల ఎత్తి నాలుకతో తన కన్ను తనే తుడుచుకుంది. పది నిమిషాలు నిలబడిపోయా. జేబులోంచి పర్సు బయటికి రావడం, లోపలికి పోవడం రెండుసార్లు జరిగింది. తల్లిదండ్రుల సంగతి అడిగా, చక్కగా చెప్పాడు, ఫొటోలు కూడా చూపించాడు. ఆ వంకా దొరకలేదు నాకు.

కొనలేదు. రెండు థర్మోస్టాట్‌లు, ఒక టీ5 యూవీబీ ట్యూబు, సంచెడు నాచు తెచ్చా. బిల్లు ఇంచుమించు బల్లి ఖరీదే అయింది. ట్యూబు చివర తేదీ రాశా, కడప తమ్ముడూ. కొత్త ట్యూబు కింద బియర్డీ పొట్ట బల్లపరుపుగా పరుచుకుని గంటసేపు కదల్లేదు. జిలేబి మూడో వేలు నిలబడేలా ఉంది. క్రెస్టెడ్‌ల కోసం డెంటన్ నుంచి ఒక అమ్మాయి ఫొటో పంపింది, థర్మామీటరు మీద 74 కనబడుతోంది. ఇంకా జవాబివ్వలేదు. రేపు ఇస్తా.

మధ్యాహ్నం మాత్రం ఆ బ్రీడరు పేజీ తెరిచి చూశా. "అమ్ముడైంది" అని ఉంది. భోజనం సయించలేదు.

ర్యాక్_రాజా | ఆదివారం సాయంత్రం 6:02

బ్రో... అది నేనే.

కొట్టకండి. కానీ సొరుగులో పెట్టలేదు, గెస్ట్ రూములో వేరే ట్యాంకు, కింద పేపర్ టవల్, పట్టకారు కూడా కొత్తది. నాలుగింటిని అమ్మకానికి పెట్టాకే తెచ్చా, ఇప్పుడు 11 అవుతాయి. మేస్త్రి అన్నా, మొదటి మలం పరీక్షకి ఎన్నాళ్ళు ఆగాలి? ఇంకా ఏమీ తినలేదు.

మార్ఫ్_మేస్త్రి | ఆదివారం రాత్రి 8:40

వారం దాకా దాన్ని ముట్టుకోకు, కొత్త చోటు, భయంలో తినదు. తిన్నాక వచ్చిన మొదటి మలమే తీసుకెళ్ళు, ఎండిపోకుండా. తోక నిలువుగా కనబడేలా ఒక ఫొటో ఈ రాత్రే తీసి పెట్టుకో. నెల తర్వాత పక్కన పెట్టి చూడ్డానికి కావాలి.

కుబుసం_అక్క | ఆదివారం రాత్రి 9:05

ఆ ఫొటో ఇక్కడ కూడా పెట్టు రాజా. వేళ్ళు కనబడేలా.